కలిసిపోవాలా, కలుపుకుపోవాలా?

సందేహం: మాది చీమకుర్తి. గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో సిబ్బంది వ్యవహారాలు చూస్తుంటాను. 'సమాన అవకాశాల విధానం' నోటీసు బోర్డులో పెట్టమన్నారు. ఇంగ్లీషు కాగితాన్ని ఫోన్‌లో తెలుగు చేస్తే 'నాడీ వైవిధ్యం గల ఉద్యోగులకు సహేతుకమైన వసతి కల్పించు సమ్మిళిత కార్యాలయం' అని వచ్చింది. చదివినవాళ్లు గదులు ఎక్కడ ఇస్తున్నారని అడిగారు. మా లెక్కల విభాగంలో ఆటిజం ఉన్న అబ్బాయి ఒకడున్నాడు. పనిలో వంక పెట్టలేం. 'ఎవురితోనూ కలవడు, అదోరకం' అంటారు. ఈ నోటీసు అతనూ చదువుతాడు. తెలుగులో ఎలా రాయాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, అతనూ చదువుతాడన్న ఆలోచనతో అడిగారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని చెబుతాను.

ముందు 'వసతి'. ఇంగ్లీషులో 'అకామడేషన్' అన్న ఒకే మాటకు బస అనీ, ఒకరి అవసరాన్ని బట్టి చేసే మార్పు అనీ రెండర్థాలు. ఫోన్ మొదటిది పట్టుకుంది. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలన్న 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉద్దేశించింది రెండోది. దానికి మనకు 'వెసులుబాటు' ఉంది. మిషన్ల హోరు తక్కువ వినపడే చోట కుర్చీ వేయడం, నాలుగు పనులు గబగబా నోటితో చెప్పకుండా కాగితం మీద రాసివ్వడం, వేళలు మారితే ముందురోజే చెప్పడం, ఇవన్నీ వెసులుబాట్లే. 'సర్దుబాటు' అన్నా తప్పు లేదు. కానీ మన ఇళ్లలో 'సర్దుకుపో' అని ఎవరికి చెబుతాం? కొత్త కోడలికి, ఎదురు చెప్పలేనివాళ్లకి. ఆ వాసన ఆ మాటను వదల్లేదు. వెసులుబాటు అలా కాదు, చేతిలో అధికారం ఉన్నవాళ్లు ఇవ్వాల్సింది.

'నాడీ వైవిధ్యం గల' అన్నదాంట్లో రెండు చిక్కులున్నాయి. నాడి అనగానే మనకు తోచేది వైద్యుడు చెయ్యి పట్టుకుని చూసేది. పోనీ 'నరాలు' అందామంటే, గోడల మీది 'నరాల బలహీనత' ప్రకటనలు ఆ మాటను ఎందుకూ పనికిరాకుండా చేశాయి. 'తేడా' ఇప్పుడు వెక్కిరింత. 'మతి' చేర్చితే మతి తప్పినట్టు వినపడుతుంది. రెండోది అర్థానికి సంబంధించిన చిక్కు. వైవిధ్యం ఒక్కరిలో ఉండేది కాదు. తోటలో పది రకాల చెట్లుంటే వైవిధ్యం తోటది, అందులో ఒక నిమ్మచెట్టుది కాదు. 1990ల చివర ఇంగ్లీషులో 'న్యూరోడైవర్సిటీ' అన్న ఈ మాట వాడుకలోకి వచ్చింది కూడా మనుషుల మెదళ్లన్నీ ఒకే మూసలో పోసినవి కావని చెప్పడానికే. మనవాళ్ల 'పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి' ఆ సంగతే. అంటే వైవిధ్యం మీ ఆఫీసు మొత్తానిది, మీతో సహా. ఆ అబ్బాయిలాంటివారి గురించి 'ఆలోచించే తీరు, గ్రహించే తీరు వేరైనవారు' అని రాయండి. పొడుగే, కానీ లోడింగ్ దగ్గర పనిచేసేవాళ్లకు కూడా అర్థమవుతుంది. తిక్కన నెల్లూరులో కూర్చుని దేశిమాటలతో భారతం నడిపించాడు, మనం ఒక నోటీసు నడిపించలేమా!

'ఆటిజం' అలాగే ఉంచండి. 'స్వలీనత' అంటే తనలో తాను లీనమైనవాడన్న తీర్పు అందులోనే ఉంది. 'ఆటిజంతో బాధపడుతున్న' అని మాత్రం రాయకండి. జ్వరం వస్తుంది, అంటువ్యాధి సోకుతుంది, ఆటిజం ఉంటుంది. 'ఆమెకు ఓపిక ఉంది' అన్నట్టే 'అతనికి ఆటిజం ఉంది'. అతన్ని బాధపెడుతున్నది పక్కవాళ్ల మాట కావచ్చు.

ఇక 'సమ్మిళిత'. కలిసిపోయినది అని అర్థం. కలిపింది ఎవరో ఆ మాట చెప్పదు. బడుల్లో వాడే 'సహిత విద్య' పలకడానికి సులువే కానీ, అదీ అంతే. తెలుగు క్రియ ఇక్కడ సూటిగా ఉంటుంది. 'కలియు' అకర్మకం, 'కలుపు' సకర్మకం. 'అతను కలవడు' అన్నప్పుడు కర్త అతనే, నేరమూ అతనిదే. 'మేం అతన్ని కలుపుకోలేదు' అని చూడండి. సంగతి అదే, కర్త మారాడు. ఉద్యోగ ప్రకటనల్లో అభ్యర్థికి 'కలుపుగోలుతనం' ఉండాలంటారు. ఆ మాటలో ఉన్నది 'కలుపు'. అది ముందు ఆఫీసుకు ఉండాలి.

ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది. కావలిలో పాఠం చెప్పే రోజుల్లో మా పిల్లకాయల్లో ఒకడు పద్యం ఒక్కసారి వింటే అప్పజెప్పేవాడు. రాయమంటే ద, ధ, థలు కలగాపులగం. ఆన్సరు పేపరు మీద 'శ్రద్ధ లేదు' అని ఎర్రసిరాతో రాశాను. ఆ 'శ్రద్ధ'లోని ద్ధ వాడికి ఎంత కష్టమో ఆలోచించలేదు. దాన్ని అభ్యసన వైకల్యం అంటారు. 1995 నాటి చట్టంలోని 7 వైకల్యాల్లో అది లేదు, 2016 చట్టంలోని 21లో ఉంది. 'వాడు నేర్చుకోడు' అని స్టాఫ్ రూములో అన్నాను. 'నేను నేర్పలేకపోతున్నాను' అనాల్సింది. నేర్చు, నేర్పు అని రోజూ బోర్డు మీద రాసినవాణ్ణే. ఆ పిల్లవాడు తరవాత ఏమయ్యాడో తలుచుకుంటే ఇప్పటికీ మనసు నిలవదు.

ఇంకొకటి. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, ఆ 21లో విడిగా లేదు. అది ఉన్నవారికి వైకల్య సర్టిఫికెట్ దొరక్కపోవచ్చు. కాబట్టి 'సర్టిఫికెట్ ఉన్నవారికి మాత్రమే' అన్న షరతు పెట్టకండి.

నోటీసు ఇలా రాయొచ్చు: 'అందరి మెదడూ ఒకే తీరున పనిచేయాలని లేదు. ఆలోచించే తీరు, గ్రహించే తీరు వేరైనవారిని ఈ ఆఫీసు కలుపుకుపోతుంది. పనికి కావలసిన వెసులుబాటు ఇస్తుంది. అడగాల్సింది ఫలానావారిని.' ఫలానా దగ్గర మీ పేరు రాయండి.

బోర్డుకు ఎక్కించేముందు ఒక కాపీ ఆ అబ్బాయికి ఇవ్వండి. ఎదురుగా నిలబడి ఎలా ఉందని అడక్కండి. మార్చాల్సినవి ఉంటే రాసివ్వమనండి, మర్నాటిదాకా టైమివ్వండి.