యూనివర్సిటీలో డ్రెస్ కోడ్ పెడుతుంటే ఒప్పుకోవాలా?

వచ్చే సెమిస్టర్ నుంచి మీ యూనివర్సిటీలో డ్రెస్ కోడ్ పెడతారట, విద్యార్థుల తరఫున మీటింగ్‌కి వెళ్తున్నారట, ఏం మాట్లాడాలని అడిగారు. ముందుగా ఒకటి అడగండి: గేటు దగ్గర ఆపేదెవరు, ఆపాక ఏం చేస్తారు? నేను ఆగినవాడిగానూ ఉన్నాను, ఆపినవాడిగానూ ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

డిగ్రీ రెండో ఏడాదిలో పరీక్ష రోజున వాచ్‌మన్ నన్ను ఆపేశాడు. నా టీషర్టుకి కాలర్ లేదు. అప్పటికి ఆ రూల్ వచ్చి వారమే అయింది. పాపం ఆయన కోపంగా కూడా లేడు. "నన్ను కాలర్ చూడమన్నారు బాబూ, చూశాను" అన్నాడు. చివరికి అప్పుడే బయటికి వస్తున్న స్నేహితుడి చొక్కా అడిగి పైన తొడుక్కున్నాను. వాడు నాకంటే బాగా పొడుగు, చేతులు మడుచుకుంటూ పరిగెత్తినా హాల్లోకి వెళ్లేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. లోపల ఇన్విజిలేటర్ నా చొక్కా వంక చూడనే లేదు. తర్వాతి వారం మా క్లాసువాడొకడు వీపు మీద పచ్చి బూతు ముద్రించిన టీషర్టు వేసుకొచ్చాడు. దానికి కాలర్ ఉంది, కాబట్టి దర్జాగా లోపలికి వెళ్లాడు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకున్నాను. ఈసారి తలుపు దగ్గర నిలబడి ఆపేవాణ్ని నేనే. కాటన్ కోటు, కాళ్లు పూర్తిగా మూసే బూట్లు, ముడేసిన జుట్టు, వేలాడే స్కార్ఫ్ తీసి పక్కన పెట్టడం. వీటిలో ఏది లేకపోయినా లోపలికి పంపేవాణ్ని కాదు, ఎవరు ఎంత మొహం మాడ్చుకున్నా సరే. 2008 డిసెంబర్ 29న లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ల్యాబ్‌లో, గాలి తగిలితే అంటుకునే ఒక రసాయనాన్ని సిరంజిలోకి తీస్తుంటే నిప్పంటుకుని 23 ఏళ్ల పరిశోధకురాలు కాలిపోయింది. ఒంటి మీద ల్యాబ్ కోటు లేదు, సింథటిక్ స్వెటర్ ఉంది. ఆ రకం బట్ట కాలుతూ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. పద్దెనిమిది రోజుల తర్వాత చనిపోయింది. 2011లో యేల్ యూనివర్సిటీ వర్క్‌షాప్‌లో లేత్ మెషిన్‌కి జుట్టు చిక్కుకుని ఒక విద్యార్థిని ప్రాణం పోయింది. ఈ రెండూ చెప్పాక "కోటు ఎందుకు సార్" అని నన్ను అడిగినవాళ్లు లేరు. అన్నట్టు, సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్క పడిన కాటన్ ప్యాంటు ఆ రోజుకి బాగానే కనిపిస్తుంది, ఉతికాక చిల్లులు బయటపడతాయి. ఇంట్లో తిట్లు తిన్నవాళ్లు మరుసటి వారం వాళ్లంతట వాళ్లే కోటు కొనుక్కొచ్చేవాళ్లు.

ఇక కమిటీ సంగతి. మా దగ్గరా ఒకసారి డ్రెస్ కోడ్ రాయమని ఐదుగురిని కూర్చోబెట్టారు, నేనూ ఒకణ్ని. ముసాయిదాలో "విద్యార్థులు హుందాగా ఉండాలి" అని ఉంది. హుందా అంటే ఏమిటో ఎవరికి వాళ్లు చీటీ మీద రాయమని ఒక మేడమ్ అడిగారు. ఐదు చీటీలు విప్పితే రెండు ఒక్కలా లేవు. ఒకరికి జీన్స్ కూడదు, ఒకరికి చిరిగిన జీన్స్ మాత్రమే కూడదు, ఇంకొకరికి గడ్డం కూడదు. ఆవిడ ఇంకో లెక్క కూడా తీశారు. వద్దన్న వాటిలో ఎక్కువ భాగం అమ్మాయిల బట్టలే. నా చీటీలో నాలుగుంటే మూడు అవే. అప్పటిదాకా నన్ను నేను పెద్ద ఉదారవాదిగా అనుకునేవాణ్ని.

అందుకే మీటింగ్‌లో "హుందా", "మర్యాద", "సంస్కారం" లాంటి మాటలు కాగితం మీద కనిపిస్తే వదలకండి. సెంటీమీటర్లలో చెప్పమనండి, లేదా తీసేయమనండి. అర్థం తేల్చకుండా వదిలేసిన మాటకి అర్థం చెప్పే పని ఆ పూట డ్యూటీలో ఉన్నవాడి మీద పడుతుంది. పేద, ధనిక తేడా పోతుందంటారు. బూట్లు, ఫోన్లు ఉండగా అది పోదు, పైగా కొత్త బట్టల ఖర్చు పేదవాడికే బరువు. ఉద్యోగానికి అలవాటవుతుందన్న వాదన కూడా వస్తుంది. టై కట్టుకోవడానికి నాలుగేళ్ల ప్రాక్టీసు అక్కర్లేదు.

అలాగని విద్యార్థులకి యూనిఫామ్ అంటేనే పడదనుకోవద్దు. ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్షలకి నల్ల గౌను, ముదురు రంగు సూటుతో సబ్‌ఫస్క్ అనే పాతకాలపు వేషం తప్పనిసరి. 2015లో అది ఉండాలా వద్దా అని విద్యార్థులనే ఓటేయమంటే నాలుగింట మూడొంతులకు పైగా ఉండాలన్నారు. మగవాళ్లు ఇది, ఆడవాళ్లు అది వేసుకోవాలన్న షరతు అంతకుముందే, 2012లో పోయింది. మొదటి పరీక్షకి తెల్ల కార్నేషన్ పువ్వు, చివరిదానికి ఎర్రది గుచ్చుకోవడం వాళ్లకో సరదా. వేషం వింతే, కానీ ఏ రోజున వేసుకోవాలో, ఏది వేసుకోవాలో రాసి ఉంది, పైగా వేసుకునేవాళ్లని అడిగారు. మీరూ ఓటింగ్ అడగండి.

మా కమిటీ చివరికి ల్యాబ్, వర్క్‌షాప్, ఆస్పత్రి డ్యూటీలకి మాత్రమే రూల్స్ రాసి పంపింది. పైనుంచి తిరిగొచ్చిన కాపీలో "హుందాగా" అన్న వాక్యం మళ్లీ చేరింది. అయితే దాని కింద మేం పట్టుబట్టి రాసిన షరతు అలాగే ఉండనిచ్చారు: బట్టల పేరుతో ఎవరినీ క్లాసు, పరీక్ష, అటెండెన్స్ నుంచి ఆపకూడదు. మీరు ఇంకేం సాధించలేకపోయినా ఇది మాత్రం రాయించుకోండి. ఇరవై నిమిషాలు పోగొట్టుకున్నవాణ్ని కదా, నాకు అన్నిటికంటే అదే ముఖ్యం.

మరి ల్యాబ్‌కి కోటు మర్చిపోతే? తలుపు వెనక కొక్కేలకి ఆరు పాత కోట్లు తగిలించి ఉంచాను. అందులో ఒకదాని మీద సిల్వర్ నైట్రేట్ మరకలు, వెలుతురు తగిలి నల్లబడి ఎన్ని ఉతుకులకీ పోనివి, పైగా రెండు గుండీలు లేవు. ఆలస్యంగా వచ్చినవాడికి మిగిలేది అదే. తొమ్మిదేళ్లలో దాన్ని రెండోసారి వేసుకున్నవాడు నాకు గుర్తు లేడు.