బైక్ ట్యాంకుకు ఇంట్లోనే స్ప్రే పెయింట్ వేసుకుంటే నిలుస్తుందా?

నిలుస్తుంది. కానీ డబ్బా నొక్కే పని కొంచెమే, మిగతాదంతా రుద్దుడే. ట్యాంకు విప్పి, పెట్రోలు మొత్తం తీసేసి, సబ్బునీళ్లతో జిడ్డు వదలగొట్టండి. పాలిష్ ఛాయలు మిగిలినచోట రంగు పట్టక చిన్న చిన్న గుంటలు పడతాయి. 320 నంబరు వాటర్ పేపర్‌తో పాత మెరుపు పోయేదాకా రుద్ది, పూర్తిగా ఆరాక ప్రైమర్ (రంగు బాగా పట్టడానికి ముందు వేసే పూత) కొట్టి, దాన్ని 600తో నునుపు చెయ్యండి. రంగు లేచిన చోట గోరు జరిపి చూడండి. అంచు తగిలిందా, రంగు వేశాక అది కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

డబ్బాను రెండు నిమిషాలు బాగా ఊపి, 20-25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. ట్యాంకుకు బయటే నొక్కడం మొదలుపెట్టి, చెయ్యి ఆపకుండా అవతలి అంచు దాటాకే వదలాలి. మొదటి కోటు కింది ప్రైమర్ కనిపించేంత పలచగా ఉండాలి. 10-15 నిమిషాల తేడాతో మూడు నాలుగు కోట్లు చాలు. ముసురు రోజుల్లో మాత్రం వద్దు, తేమకి రంగు తెల్లగా మసకబారుతుంది.

అసలు కిటుకు క్లియర్ కోట్‌లో, అంటే రంగు మీద చివర్లో కొట్టే పారదర్శక పూతలో ఉంది. నా మొదటి ట్యాంకుకు మామూలు క్లియర్ కొట్టాను. బంకులో నాలుగు చుక్కలు చిందితే తుడిచాను, రంగు గుడ్డకే వచ్చేసింది. పెట్రోలుకు తట్టుకునేది, పూతను గట్టిపరిచే హార్డెనర్ కలిసే 2కె (రెండు భాగాల) క్లియర్. దాని ఆవిరి ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం, గుడ్డ మాస్కు ఆపలేదు. ఆరుబయట, రసాయన ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు, గ్లౌజులు, కళ్లద్దాలతోనే కొట్టండి.

బండి రంగే మారుస్తుంటే ముందుగా ఆర్టీఏలో అడిగి ఆర్సీలో మార్పించుకోండి.