బొమ్మకు ముందు గీతలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఫోటో చూసి కాన్వాస్ మీద ఓ మనిషి ముఖచిత్రాన్ని 4బి పెన్సిల్‌తో (మెత్తగా, నల్లగా పడేది) నేరుగా గీసి, పైన పలచగా ఆయిల్ రంగు వేశాను. ఏడాది తిరిగేసరికి చెంప మీద, తెల్ల లాల్చీ మీద పెన్సిల్ గీతలు తేలుతున్నాయి. ఎందుకు?
– ఓ పాఠకుడు, కావలి

జవాబు: ఆయిల్ రంగు పాతబడే కొద్దీ లోపలిది కనిపించేలా తయారవుతుంది. పెన్సిల్ ములుకులోని గ్రాఫైటేమో వెలిసిపోదు. అందులోనూ మీరు వేసింది లేత రంగు, పైగా పలచన. రంగు ఆరిపోయింది కాబట్టి ఆ చోట్ల టైటానియం వైట్ కలిపిన రంగుతో కాస్త మందంగా కప్పండి. గీతలు పోతాయని గీకితే చెంప పాడవుతుంది.

ఈసారి గీత కాగితం మీదే తేల్చుకోండి. కాగితం వెనక బొగ్గు రుద్ది, కాన్వాస్ మీద పరిచి, ముందువైపు గట్టి 2హెచ్ పెన్సిల్‌తో గీతల మీద దిద్దండి. దిగిన గీతల్ని టర్పెంటైన్‌లో పలచన చేసిన బర్న్ట్ అంబర్‌తో (ముదురు గోధుమ రంగు) ఖాయం చేసి, ఆరాక మిగిలిన బొగ్గు గుడ్డతో దులిపేయండి.

ప్రశ్న: పెన్సిల్ నీడలు మెరుస్తున్నాయి. ఎంత నొక్కినా నల్లబడవు. నుదుటి దగ్గర జిడ్డు మచ్చలు కూడా.
– ఓ పాఠకురాలు, ఒంగోలు

జవాబు: నొక్కడం వల్లే. గ్రాఫైట్ రేకులు రేకులుగా ఉంటుంది. గట్టిగా నొక్కితే ఆ రేకులు బల్లపరుపుగా పరుచుకుని మెరుస్తాయి. కాగితం గరుకు అణిగిపోయాక పై పూత ఎక్కదు. మార్కాపురం పలక నున్నబడ్డాక బలపం జారేది చూడండి, అదే సంగతి.

పెన్సిల్‌లో గ్రాఫైట్‌కు బంకమట్టి కలిపే పద్ధతికి ఫ్రాన్స్‌లో కాంటే 1795లో పేటెంట్ పొందాడు. మట్టి పాలు పెరిగితే గట్టి, లేత గీతల హెచ్, గ్రాఫైట్ పెరిగితే మెత్తటి, నల్లటి గీతల బి. 150 జీఎస్ఎం (చదరపు మీటరుకు 150 గ్రాముల బరువున్న) గరుకు డ్రాయింగ్ షీటు మీద హెచ్‌బితో మొదలుపెట్టి, 2బితో మూడు నాలుగు పలచటి పూతలు వేయండి. 6బి ముక్కుపుటాలకు, పెదాల మధ్య గీతకు, పైరెప్ప అంచుకు మాత్రమే. మచ్చలు చేతి చెమటవి. ముంజేతి కింద ఒక కాగితం పెట్టుకోండి, వేలితో పులమకండి.

ప్రశ్న: మా నాయనమ్మ బొమ్మ 20×24 అంగుళాల్లో వేయాలి. ఆమె అరగంటకు మించి కూర్చోలేదు. ముందుగా ఏ స్కెచ్‌లు అవసరం?
– ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఒక్కో స్కెచ్‌తో ఒక్కో చిక్కు తేల్చుకోండి. మొదటి రోజు కిటికీ పక్కన, వెలుగు ఒకవైపు నుంచే పడేలా కూర్చోబెట్టి, పేకముక్కంత బొమ్మలు ఐదు, తలా మూడు నిమిషాల్లో గీయండి. తల ఎక్కడ, నీడ ఎక్కడ అన్నదే చూడాలి. కళ్లు, ముక్కు వద్దు.

రెండో రోజు తల మాత్రమే, కాన్వాస్‌పై ఎంత ఉండబోతుందో అంత సైజులో. చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌తో కొలవండి. నడినెత్తి నుంచి గడ్డం దాకా సగంలో కళ్లు అన్న సూత్రాన్ని పెద్దవాళ్ల విషయంలో గుడ్డిగా నమ్మొద్దు. పళ్లు లేకపోతే గడ్డం ముక్కుకు దగ్గరవుతుంది. కొత్తవాళ్లు మాత్రం కళ్లను ఎప్పుడూ పైకే పెడతారు! గీసిన బొమ్మను అద్దంలో చూసుకుంటే ఆ తప్పు వెంటనే దొరుకుతుంది.

మూడో రోజు చేతులు. ముడతల జోలికి పోకుండా ముందు వేళ్ల కణుపులు సరిచూసుకోండి. చీర మడతలకు ఆమె అక్కర్లేదు, చీరను కుర్చీ మీద వేసుకోవచ్చు. రంగులు మార్జిన్‌లో రాసుకోండి: "చెంప వెచ్చన, మెడ కింద పచ్చటి ఛాయ". ఫోటో తీస్తే ఏడెనిమిది అడుగుల దూరం నుంచి. దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదవుతుంది.

కూర్పంతా 10×12 కాగితం మీద గీసి, పెద్దది చేయడానికి గళ్లు కొడితే అంగుళం గడి కాన్వాస్‌పై రెండంగుళాలవుతుంది. 8×10 మీద గీస్తే ఆ లెక్క కుదరదు. వెడల్పు రెండున్నర రెట్లు పెరిగితే ఎత్తు 2.4 రెట్లే పెరుగుతుంది, ముఖం అడ్డంగా సాగుతుంది.

పని అయ్యాక స్కెచ్‌లకు లామినేషన్ వద్దు, మళ్లీ ఊడదీయలేరు. మధ్యన బటర్ పేపర్ పెట్టి అట్టల మధ్య ఉంచండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మీ దగ్గర వానలు కదా, గోడకు ఆనించకండి.