తొండ పిల్లను తెచ్చుకున్న చిట్టికి

చిట్టీ,

ఫోటో చూశానమ్మా. రెండు నెలల పిల్ల, నీ అరచేతిలో ఎంత ముద్దుగా ఇమిడిపోయిందో! మన ఊళ్లో కంచెల మీద తల ఎగరేసే తొండకు ఈ బియర్డెడ్ డ్రాగన్ చుట్టమే. పుట్టిల్లు మాత్రం ఆస్ట్రేలియా నడిమి ఎండనేల. న్యూజెర్సీలో నీ గదిలో ఆ ఎండను నువ్వే తెచ్చిపెట్టాలి. అందుకే మేత సంగతి తర్వాత, ముందు దీపాల సంగతి చెప్తాను.

రెండు కావాలి: ఒకటి వేడికి, ఒకటి యూవీబీకి, అంటే ఎండలో ఉండే కంటికి కనపడని ఒక రకం కిరణాలకి. యూవీబీకి మెలికల బల్బు వద్దు, పది పన్నెండు శాతం అని రాసి ఉండే పొడుగు టీ5 ట్యూబు కొను. ఎంత ఎత్తులో పెట్టాలో దాని పెట్టె మీద ఉంటుంది. వెలుతురు బాగానే ఉన్నా అందులోని యూవీబీ తగ్గిపోతుంది, ఏడాదికోసారి మార్చెయ్.

నా మొదటి పిల్లను కిటికీ పక్కన పెట్టి, డాలస్ ఎండ చాల్లే అనుకున్నాను. కిటికీ అద్దం యూవీబీని ఆపేస్తుందని అప్పుడు నాకు తెలీదు. యూవీబీ అందకపోతే ఒంట్లో డీ విటమిన్ తయారవదు, అది లేనిదే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. ఒకరోజు కీచురాయిని నోట కరుచుకుంది గానీ నమల్లేకపోయింది. వేలితో తాకితే కింది దవడ రబ్బరులా వంగింది. కాలివేళ్లు సన్నగా వణుకుతున్నాయి. వైద్యం చేయించి బతికించుకున్నాను, ఆ దవడ మాత్రం మళ్లీ తిన్నగా కాలేదు.

వేడి దీపం గూటికి ఒక కొసనే ఉండాలి. దాని కింద రాయి పైభాగం 105 నుంచి 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అవతలి కొస 80 దగ్గర. అద్దానికి అంటించే థర్మామీటరును నమ్మకు, తీగ ఉన్న డిజిటల్‌ది తీసుకో. కరెంటుతో వేడెక్కే రాళ్లు పొట్టను కాలుస్తాయి, అసలు కొనొద్దు. రాత్రి దీపాలన్నీ ఆపెయ్. అడుగున ఇసుక వద్దు, మేతతో పాటు మింగేస్తుంది; పేపర్ టవల్ చాలు. పెద్దదయ్యేసరికి 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గూడు కావాలి.

కీచురాళ్లు రోజుకు రెండు మూడుసార్లు, పది నిమిషాల్లో తిన్నన్ని వెయ్యి. దాని రెండు కళ్ల మధ్య ఎడం కంటే పెద్ద పురుగు పెట్టకు. ఒక పూట పురుగుల్ని డబ్బాలో వేసి, కాల్షియం పొడి పట్టేలా కాస్త ఆడించి వెయ్యి. మిగిలినవి ఏరెయ్, రాత్రిపూట అవే పిల్లను కొరుకుతాయి. కొలార్డ్ అనే ఆకుకూర, ఆవాకు సన్నగా తరిగి రోజూ పెట్టు, ముట్టకపోయినా మానకు. పాలకూర ఎప్పుడో ఒకసారి. అవకాడో వద్దు. ఎండాకాలం మీ పెరట్లో మిణుగురులు వస్తాయి కదా, ఒక్కటి మింగినా ప్రాణం పోతుంది.

దాని ఒంటి మీద సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉంటుంది, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో. చంటివాణ్ని దగ్గరికి రానివ్వకు.

మొదటి వారం చేతిలోకి తీయకు. నిన్ను చూసి ముందుకాలు ఎత్తి మెల్లగా గుండ్రంగా ఊపితే పలకరిస్తోందనుకోకు, బెదిరింది. కాస్త వెనక్కి జరుగు.

శనివారం వీడియో కాల్‌లో రాయి మీద వేడి ఎంతుందో నాకు చూపించు.

మీ పెద్దమ్మ