యంత్రం కాదంటే ఎవరిని అడగాలి?

ప్రశ్న: పథకాలకు అర్హులెవరో ఏఐతో తేలిస్తే, తప్పు జరిగినప్పుడు బాధ్యత ఎవరిది? ముందే ఏం చూసుకోవాలి?

జవాబు: బాధ్యత సంతకం పెట్టే అధికారిదే. ఏ హోదా అధికారిదో ఉత్తర్వులోనే రాయాలి.

ఆస్ట్రేలియాలో ‘రోబోడెట్’ చూడండి. ఎక్కువగా తీసుకున్నారనుకున్న సంక్షేమ భృతిని కంప్యూటరుతో లెక్కగట్టి వెనక్కి అడిగిన పథకం అది. అది ఏఐ కూడా కాదు, మామూలు భాగహారం. ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు సమానంగా పంచేశారు. ఆరు నెలలు పనిచేసి, మిగతా ఆరు నెలలు భృతి తీసుకున్న మనిషి ఏడాదంతా సంపాదించినట్టు లెక్క తేలింది. లేని బాకీలకు నోటీసులు వెళ్లాయి. తప్పు లేదని నిరూపించుకునే భారం పేదల మీద పడింది. ఇది ఘోరం.

అందుకే మొదట కొన్ని నెలలు ఏఐని పాత పద్ధతితో పక్కపక్కనే నడిపి, యంత్రం తిరస్కరించిన దరఖాస్తుల్ని మనుషులే మళ్లీ చూడాలి. తప్పులు ఒకే వర్గానికి ఎక్కువగా తగులుతున్నాయా అన్నది విడిగా లెక్కగట్టాలి. నోటీసులో కారణం, ఏ సమాచారం వాడారో, అప్పీలు ఎక్కడ చేసుకోవాలో ఉండాలి. కెనడా 2019 నాటి ఆదేశంలో, ప్రభుత్వంలో యంత్రాలు తేల్చే నిర్ణయాలు జనం మీద చూపే ప్రభావాన్ని నాలుగు స్థాయిలుగా విభజించింది. ప్రభావం ఎక్కువగా ఉండే చివరి రెండు స్థాయిల్లో తుది నిర్ణయం మనిషిదే. అయితే ఆ మనిషికి రోజుకు వందల ఫైళ్లిస్తే చదవకుండానే ‘సరే’ నొక్కేస్తాడు. యంత్రం మాట కాదనే అధికారం, అందుకు తగిన సమయం రెండూ ఇవ్వాలి.