తెంపుకుపోయే తోట

బిడ్డా,

చెరువుకట్ట కింద మున్సిపాలిటీ జాగాలో మన నేల మొక్కలతోనే తోట పెడతామని, వారానికో పూట మీరే పని చేసుకుంటామని రాశావు. సంతోషం. అలాంటి తోటను పదకొండేళ్లు నలుగురితో కలిసి మోసినవాణ్ని. నీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ‘పూలు తెంపరాదు’ అని బోర్డు పెడతారట. పెట్టకండి.

మన దగ్గర జనం చెట్టు దగ్గరికి వచ్చేదే తెంపడానికి. వినాయక చవితికి పత్రి కావాలి: మారేడు, జిల్లేడు, ఉత్తరేణి, వావిలి. నెల తిరక్కుండానే పెత్రమాస అమావాస్య, బతుకమ్మ మొదలు, ఇక తొమ్మిది రోజులు తంగేడు, గునుగు. ఆ వెంటనే దసరా జమ్మి. ఇవన్నీ దొరికే చోటని తెలిస్తే ఆ జాగా వాళ్లదైపోతుంది. మా తోట మూలన ఎవరో ట్రాక్టర్‌తో ఇల్లు కూల్చిన మట్టి పోయబోతే, అడ్డం నిలబడింది మేం కాదు, పూలకొచ్చే ఆడవాళ్లు.

కాకపోతే తెంపే చేతిని ఎరిగి నాటాలి. తంగేడును బాట పొడవునా, చేతికందేలా పెట్టండి. కొమ్మ విరిచినా మళ్లీ చిగురేస్తుంది, పశువులూ పెద్దగా ముట్టవు. జమ్మి అట్లా కాదు. మొదటి ఏళ్లలో వేరు లోతుకు పోతుంటుంది, పైకి ఎదిగినట్టే ఉండదు. దాన్ని మోడు చేయడానికి దసరా నాటి ఒక్క సాయంత్రం చాలు. మావి రెండు అట్లాగే పోయాయి. మూడోదాన్ని తోట వెనక, రేగుకంపల నడుమ పెట్టాం. ఇప్పుడది నా తల దాటింది.

గునుగు సంగతి చెప్పుకోవడానికి నాకే సిగ్గు. మొదటి ఏడు శ్రావణంలో పెద్ద శ్రమదానం పెట్టి, కలుపనుకొని మొత్తం పీకేశాం. బతుకమ్మకు తోటలో ఒక్క వెండి కుచ్చు లేదు. అది ఏటా గింజ రాలి మొలిచేది. కనుక మొలకలను గుర్తుపట్టే ఒక పెద్దమ్మను వెతుక్కొని, ఆమె వేలు చూపించిందే పీకండి. పండుగకు ఎంత కోసినా ఒక మడి మాత్రం ముట్టకుండా వదలండి, నల్లని సన్న గింజలు రాలేదాకా. ఆ మడి చుట్టూ తాడు కట్టి నోటితో చెబితే వింటారు.

వానలు పడ్డాక తంగేడు ఆకుల మీద పచ్చ పురుగులు కనిపిస్తాయి. మీలో ఒకరు తప్పకుండా మందు డబ్బాతో వస్తారు, మాకూ వచ్చాడు. ఆపండి. అవే కొన్నాళ్లకు పసుపుపచ్చ సీతాకోకలై ఎగురుతాయి. తిన్న కొమ్మ మళ్లీ ఆకేస్తుంది.

అనుమతి నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి, సార్లు బదిలీ అవుతుంటారు. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు మీ భుజం మీదే. వైశాఖంలో నీళ్లు మోయడానికి ముగ్గురే వస్తారనుకొని, ఆ ముగ్గురికి సరిపడా మొక్కలే నాటండి.

నర్సరీలో తంగేడు అడిగితే పసుపు పూల మొక్క ఇంకేదో అంటగడతారు. గింజ నుంచే పెంచుకోండి. వేప గింజ పండు రాలిన రెండు మూడు వారాల్లోనే మట్టిలో పడాలి, దాచితే మొలవదు. తంగేడు, రేల గింజల పొట్టు గట్టిది. రేల గింజను గరుకు రాయి మీద ఒక పక్క కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టాలి. తంగేడుకు మరిగించి దించిన నీళ్లు పోసి, తెల్లారేదాకా వదిలేస్తే చాలు.

మా బాట పక్కన తంగేడు కాయలు ఎండి గలగలమంటున్నాయి. ఆదివారం పొద్దున సంచి పట్టుకొని రా. పది దాటితే నాకు ఎండ పడదు.

మీ సారు