రెండు మందులు ఒకేసారి రాశారని భయమెందుకు?

‘అమ్మకు ఊపిరితిత్తుల ధమనుల్లో బీపీ ఎక్కువని తేలింది. డాక్టరు రెండు మందులు ఒకేసారి రాశారు. ముందు ఒకటి వాడి చూడకూడదా?’ అని మీరు అడిగారు. కుడి గుండెకు కాథెటర్ పరీక్ష (సన్నని గొట్టం పంపి లోపలి ఒత్తిడి కొలిచేది) చేసి నిర్ధారించి ఉంటే రెండూ మొదలుపెట్టించండి. గుంటూరులో మా చెల్లెలి వైద్యం దగ్గరుండి చూసుకుంటున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చెల్లెలికి రాసినవి ఆంబ్రిసెంటాన్, టాడలాఫిల్. మొదటిది నాళాలను బిగించే ఎండోథెలిన్‌ను అడ్డుకుంటుంది. రెండోది వాటిని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ పనికి బలమిస్తుంది. ఈ జంటను 500 మందిలో పరీక్షించిన యాంబిషన్ అధ్యయనం 2015లో వచ్చింది. ఒకే మందుతో మొదలుపెట్టినవాళ్లలో 31 శాతం మందికి చికిత్స విఫలమైతే, రెండూ వాడినవాళ్లలో 18 శాతం మందికే అలా జరిగింది. ఆ తేడా ఎక్కువగా ఆస్పత్రిలో చేరడం తగ్గినందువల్లే వచ్చిందని పెదవి విరిచేవాళ్లున్నారు. వాళ్లెవరూ డిశ్చార్జి నాడు బిల్లు కట్టి ఉండరు.

అసలు చికాకు మందుల షాపులో. కొత్తపేటలో సాయంత్రం రద్దీ. చీటీలో టాడలాఫిల్ చూడగానే కౌంటరులో కుర్రాడు పక్కవాడి వైపు తిరిగి నవ్వాడు.

“ఇది మగవాళ్ల మాత్ర కదమ్మా, ఎవరికి?”

చెల్లెలు తల దించుకుంది. “ఊపిరితిత్తులకు. చీటీ మీద పేరు చదువు, మనిషి నీ ఎదురుగానే ఉంది” అన్నాను, వరుసలో చివరివాళ్లకూ వినపడేలా. యజమాని లేచి వచ్చి మాత్రలిచ్చాడు. ఆంబ్రిసెంటాన్ మాత్రం తెప్పించాలట, రేపు రమ్మన్నాడు. ఈలోగా వెనకనున్న పెద్దాయన, “రెండూ వేస్తే వేడి చేస్తుందమ్మా” అని ఉచిత సలహా.

ఇంటికొస్తే బంధువులు. చేతికి పట్టీ కట్టి, 110/70 చూసి, బీపీ లేని పిల్లకు ఇన్ని మందులా అని నిలదీశారు. ఆ పట్టీకి ఊపిరితిత్తుల్లోని ఒత్తిడి ఎలా తెలుస్తుంది? పైగా పిల్లలెప్పుడని ప్రశ్న. ఆంబ్రిసెంటాన్ వాడుతూ గర్భం దాల్చకూడదు, బిడ్డకు ప్రమాదం. ఆ మాట చెబితే మందు మాన్పించమంటారు!

మీ అమ్మగారికి గుండెజబ్బో, ఊపిరితిత్తుల జబ్బో ముందే ఉంటే ఒక్క మందుతో మొదలుపెట్టడం కూడా ఉంది, డాక్టరును అడగండి. గుండెనొప్పికి ఇచ్చే సార్బిట్రేట్ వాడుతుంటే తప్పక చెప్పండి, టాడలాఫిల్‌తో కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. కాళ్లు వాస్తే మాత్ర మీరే ఆపేయకుండా డాక్టరుకు ఫోను చేయండి.